కన్యాస్త్రీ పవిత్రతకు కొలత ఏది?

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లలో లిటిల్ ఫ్లవర్ స్కూల్లోనో సెయింట్ ఆన్స్‌లోనో చదువుకున్నవాళ్లు చాలామందే కనిపిస్తారు. మతంతో పనిలేకుండా అన్ని ఇళ్ల పిల్లలూ ఆ బోర్డుల కిందే ఏబీసీడీలు నేర్చుకున్నారు. ఆ పేర్ల వెనక ఉన్న స్త్రీలెవరో మాత్రం ఆ పిల్లల్లో చాలామందికి ఎవరూ చెప్పలేదు. 'చిన్న పువ్వు' అన్నది ఫ్రాన్స్‌లో లిజియూ ఊరి కార్మెల్ మఠంలో క్షయ వచ్చి, 1897లో 24వ ఏట కన్నుమూసిన తెరేజా అనే కన్యాస్త్రీ పేరు. 1925లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. సెయింట్ ఆన్స్ కథ మనకు ఇంకా దగ్గరిది. 1871లో ఇటలీలోని టొరినో నుంచి ఆ సిస్టర్లు సికింద్రాబాద్ వచ్చి బడి పెట్టారు. వాళ్లను పంపిన మఠపెద్ద మదర్ ఎన్రికెట్టా దొమీనిచి. 1861 నుంచి 1894లో చనిపోయేదాకా ఆ సిస్టర్ల సభను నడిపింది ఆమే. ఆమె అంతరంగ జీవితమంతా దేవుణ్ణి తండ్రిగా అనుభవించడంలోనే గడిచిందని ఆమె చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. 1978 మే 7న పోప్ ఆరవ పాల్ ఆమెను ధన్యురాలిగా ప్రకటించారు. అంటే ఒక మార్మికురాలు పంపిన మనుషులే మన ఊళ్లో ఆడపిల్లలకు చదువు చెప్పారు.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ ప్రాంతానికి దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. కేరళ నుంచి ఇంజినీర్లు, నర్సులు వచ్చారు. వాళ్లతో పాటు వాళ్ల పునీతలూ వచ్చారు. ఆ వలసకు తగ్గట్టే 2017 అక్టోబరులో పోప్ ఫ్రాన్సిస్ శంషాబాద్ కేంద్రంగా సీరో మలబార్ అనే కేరళ కాథలిక్ సంప్రదాయానికి మేత్రాసనం, అంటే బిషప్ పాలనా ప్రాంతం, ఏర్పాటు చేశారు. ఆ సంప్రదాయానికి అంతకుముందు మేత్రాసనాలు లేని భారత భూభాగాన్నంతా దాని కిందికి తెచ్చారు. దాని మొదటి పీఠాధిపతి రఫాయేల్ తట్టిల్ 2024 జనవరిలో ఆ సంఘం మొత్తానికి మేజర్ ఆర్చిబిషప్ అయ్యారు. ఇలా కేరళ భక్తి, గుంటూరు భక్తి, మంగళూరు భక్తి ఒకే నగరంలో కలిసిపోతున్న కాలం ఇది. అందుకే ఒక పాత ప్రశ్నను ఇక్కడ మళ్లీ వేసుకోవలసి వస్తోంది. ఒక కన్యాస్త్రీకి దర్శనాలు కలిగాయంటారు, చేతులకు గాయాలు పడ్డాయంటారు, ఆమెకు మొక్కుకుంటే జబ్బు తగ్గిందంటారు. వీటిలో ఏది చూసి ఆమెను పునీతురాలు అనాలి?

మన దక్షిణాదిలోనే ఈ ప్రశ్నకు పదును పెట్టిన జీవితాలు ఉన్నాయి. త్రిశూర్ దగ్గర పుత్తన్‌చిరలో 1876లో పుట్టిన మరియం తెరేసియాను తీసుకుందాం. ఆమెకు శుక్రవారాల్లో క్రీస్తు గాయాలు కనిపించేవని, ఒళ్లు నేల మీంచి లేచేదని చూసినవాళ్లు సాక్ష్యం చెప్పారు. ఆ గాయాలను ఆమె దాచుకునేవారు. ఊరికి అది ఆశ్చర్యమైతే పీఠాధిపతులకు అది అనుమానం. పీఠాధిపతి జాన్ మేనాచేరి ఆదేశం మీద 1902 నుంచి 1905 దాకా ఆమెకు పదేపదే భూతోచ్చాటన ప్రార్థనలు జరిపించారు. ఒక యువతి ఒంట్లో కనిపించింది దేవుడి పనా దయ్యం పనా అని మూడేళ్లు పరీక్ష పెట్టడమంటే ఏమిటో, ఊళ్లో ఆమె ఎన్ని చూపులు భరించి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆమె ఎదురు తిరగలేదు, పని ఆపలేదు. మశూచి రోగుల ఇళ్లకు, కుష్ఠు రోగుల ఇళ్లకు వెళ్లారు. ఆ రోజుల కేరళలో మంచి ఇంటి ఆడపిల్ల కులం చూడకుండా గడప దాటి రోగి దగ్గర కూర్చోవడం చిన్న విషయం కాదు. 1914లో హోలీ ఫ్యామిలీ సభ పెట్టి, 1926లో కాలి గాయం మానక చనిపోయారు. 2019 అక్టోబరు 13న రోమ్‌లో పునీతురాలయ్యారు.

అదే మేనాచేరి మరో కన్యాస్త్రీ విషయంలో వేరే దారి పట్టారు. ఒల్లూరు మఠంలో ఉండిన యూఫ్రేసియాను జనం 'ప్రార్థించే అమ్మ' అని పిలిచేవారు. మేనాచేరి ఆమె అనుభవాలన్నీ ఉత్తరాల్లో తనకు రాయమన్నారు. చదివి కాల్చేయమని ఆమె వేడుకున్నా ఆయన వాటిని భద్రం చేశారు. 2014లో ఆమె పునీతురాలు కావడానికి ఆ కాగితాలే పెద్ద ఆధారం. ఒకే పీఠాధిపతి, ఒకే కాలం. ఒకామెకు భూతోచ్చాటన, ఇంకొకామెకు కలం. ఎవరి మాట ఎవరు ఎలా విన్నారన్నదాని మీద స్త్రీల ఆధ్యాత్మిక జీవితాలు ఎంతగా ఆధారపడ్డాయో దీన్ని మించి చూపించేది లేదు.

మంగళూరులో ఇంకో కథ జరిగింది. పాలస్తీనాలో పుట్టి, చదువు అంతగా రాని మరియం బవార్ది కార్మెల్ కన్యాస్త్రీగా 1870లో కొత్త మఠం స్థాపించే గుంపుతో మంగళూరు వచ్చారు. 1871 నవంబరులో అక్కడే మఠ వ్రతాలు స్వీకరించారు. ఆమె పరవశాలూ గాయాలూ మఠంలో కలత రేపాయి. అనుమానించి 1872లో ఫ్రాన్స్‌కు తిప్పి పంపారు. తరవాత బెత్లెహేములో మఠం కట్టించే పనిలో పడి, అక్కడే 1878లో కన్నుమూశారు. 2015లో పునీతురాలయ్యారు.

అల్ఫోన్సా సంగతి అందరికీ తెలిసిందే. 1910లో కుడమాలూరులో పుట్టి, 1946లో భరణంగానంలో చనిపోయి, 2008 అక్టోబరు 12న పునీతురాలైన ఆమె ఆ గౌరవం పొందిన మొదటి భారతీయ స్త్రీ. పెళ్లి తప్పించుకోవడానికి ఊక నిప్పుల గుంటలో కాలు పెట్టారన్న కథను మన దగ్గర క్యాటకిజం తరగతుల్లో గొప్పగా చెబుతారు. అలా చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం. పదమూడేళ్ల పిల్ల మాట ఇంట్లో ఎవరూ వినకపోతే ఏం జరిగిందో చెప్పే కథ అది. అల్ఫోన్సా గొప్పతనం ఆ గుంట దగ్గర లేదు. ఆ తరవాత దాదాపు జీవితమంతా జబ్బుతో మంచాన ఉండి కూడా చుట్టూ ఉన్నవాళ్లకు చేదు పంచకుండా బతకడంలో ఉంది.

ఈ జీవితాలన్నిటినీ రోమ్ ఏ తూకంలో వేసింది? ఇక్కడ చాలామంది విశ్వాసులకే తెలియని విషయం ఒకటుంది. దర్శనాలు, గాయాలు, పరవశాలు పవిత్రతకు రుజువులుగా లెక్కలోకి రావు. పద్దెనిమిదో శతాబ్దంలో ప్రోస్పెరో లంబెర్తీని అనే న్యాయపండితుడు, తరవాత పద్నాలుగో బెనెడిక్ట్ పేరుతో పోప్ అయినాయన, ఈ ప్రక్రియ మీద పెద్ద గ్రంథం రాసి ఆ సంగతి తేల్చారు. చూడవలసింది ఆ మనిషి విశ్వాసం, ప్రేమ, న్యాయం, ఓర్పు మామూలు స్థాయిని దాటాయా లేదా అని. ఎవరికైనా స్వర్గం నుంచి సందేశం వచ్చిందంటే దాన్ని నమ్మి తీరాలని కాథలిక్ శ్రీసభ ఎవరినీ కట్టడి చేయదు. 2024 మేలో వాటికన్ ఇచ్చిన కొత్త నియమాలు ఈ జాగ్రత్తను ఇంకా పెంచాయి.

ప్రక్రియ మెట్లు మెట్లుగా సాగుతుంది. చనిపోయిన ఐదేళ్ల తరవాత స్థానిక మేత్రాసనం విచారణ మొదలుపెడితే దైవ సేవకురాలు. సద్గుణాలు రుజువైతే గౌరవనీయురాలు. ఒక అద్భుతం నిలిస్తే ధన్యురాలు, రెండోది నిలిస్తే పునీతురాలు. ఒకప్పుడు లోపాలు వెతకడానికే ఒక న్యాయవాదిని పెట్టేవారు, లోకం ఆయన్ను సైతాను వకీలు అనేది. 1983లో పోప్ రెండో జాన్ పాల్ ఆ పాత్రను బాగా తగ్గించి విధానాన్ని సులువు చేశారు. ఆ తరవాతే పునీతుల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది.

అద్భుతాల అంకం దగ్గరే నాకు పేచీ. జబ్బు తక్షణం, పూర్తిగా, మళ్లీ తిరగబెట్టకుండా, వైద్యానికి అంతుపట్టని విధంగా తగ్గాలన్నది నియమం. డాక్టర్ల బృందం పరిశీలిస్తుంది. కాగితం మీద ఇది కట్టుదిట్టంగానే కనిపిస్తుంది. కానీ మదర్ తెరెసాను 2003లో ధన్యురాలిగా ప్రకటించినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పశ్చిమ బెంగాల్‌లో ఒక గిరిజన మహిళకు కడుపులో గడ్డ తగ్గడాన్ని అద్భుతమన్నారు. ఆమెకు వైద్యం చేసిన డాక్టర్లు అది మందులతో తగ్గిందన్నారు. ఆ గొడవ ఈనాటికీ నడుస్తోంది. మదర్ తెరెసా పవిత్రతకు ఆ గడ్డతో సంబంధమేమిటి? ఆమె పోయాక 2007లో వెలువడిన ఉత్తరాలు దానికంటే ఎంతో లోతైనవి. దేవుడు తనతో మాట్లాడటం మానేశాడన్న బాధను దశాబ్దాల పాటు తన ఆధ్యాత్మిక గురువులకు తప్ప ఎవరికీ చెప్పుకోకుండా, తెల్లవారేసరికి లేచి వీధి పక్కన పడి ఉన్నవాళ్ల దగ్గరికి ఆమె వెళుతూనే ఉన్నారు. మార్మిక జీవితమంటే వెలుగులు కనిపించడం మాత్రమే కాదని, ఏ వెలుగూ కనిపించకపోయినా మాట తప్పకపోవడం కూడా అందులో భాగమేనని ఆ ఉత్తరాలు చెప్పినంత బాగా ఏ అద్భుతమూ చెప్పలేదు.

తెలుగు నేలకు ఈ కోర్టు పద్ధతి కొత్త. మన దగ్గర పవిత్రతను తేల్చింది జనమే. బాల్యంలోనే వితంతువై, తల గొరిగించుకోనని పట్టుబట్టి, ఆచారపరుల వేధింపులు తట్టుకుని తిరుమల చేరిన తరిగొండ వెంగమాంబకు ఏ కార్యాలయమూ పట్టా ఇవ్వలేదు. ఆమె పోయి రెండు వందల ఏళ్లు దాటినా తిరుమలలో రాత్రి ఏకాంతసేవ వేళ ఆమె పేరిట ముత్యాల హారతి నడుస్తోంది. అప్పటి గుంటూరు జిల్లా జిల్లెళ్లమూడిలో అనసూయాదేవిని జనం అమ్మ అన్నారు. 1958 ఆగస్టు 15న ఆమె తెరిచిన అన్నపూర్ణాలయంలో వచ్చినవారందరికీ భోజనం పెట్టారు, కులం అడగలేదు. జనం తీర్పులో వేగం ఉంటుంది, ఆత్మీయత ఉంటుంది. మోసపోయే ప్రమాదం కూడా అంతే ఉంటుంది, బాబాల పేరిట ఎన్ని చూడలేదు! అందుకే రోమ్ నిదానాన్ని నేను తీసిపారేయను. అది జనం గుండెకు వినపడనంత దూరంగా జరిగితేనే చిక్కు.

కృష్ణా జిల్లా పెద్దావుటపల్లి ఈ రెండు పద్ధతులూ కలిసే చోటు. 1945 జనవరి 15న అక్కడ కన్నుమూసిన బ్రదర్ జోసఫ్ తంబికి పంచగాయాలు కలిగాయని భక్తుల విశ్వాసం. ఏటా సంక్రాంతి రోజుల్లో అక్కడ జరిగే ఉత్సవానికి క్రైస్తవులే కాదు, హిందువులూ పెద్ద ఎత్తున వస్తారు. రోమ్ తీర్పు ఇంకా రాలేదు. జనం తీర్పు ఎప్పుడో వచ్చేసింది.

ఇక గుంటూరులో, దాదాపు అదే కాలంలో జీవించిన ఒక కన్యాస్త్రీ గురించి చెప్పాలి. నా దృష్టిలో మొదటి ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర దొరుకుతుంది. ఆమె పేరు మేరీ గ్లోరీ. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బిర్రెగర్రా అనే ఊళ్లో 1887 జూన్ 23న తొమ్మిదిమంది పిల్లల్లో మూడో బిడ్డగా పుట్టారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో 1910లో డాక్టరయ్యారు. కళ్ల ఆసుపత్రిలో పనిచేస్తూ, నగరంలో పేరున్న కాలిన్స్ వీధిలో ప్రాక్టీసు పెట్టారు. 1915లో ఒకరోజు ఒక చిన్న పుస్తకం ఆమె చేతికొచ్చింది. ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండ్ వైద్యురాలి గురించి, మగ డాక్టరు ముందుకు రాలేక పరదాల వెనకే ప్రాణాలు వదిలే భారత స్త్రీల గురించి అందులో ఉంది. చదివి ఆమె మోకాళ్లూనారు. తన జీవితం ఎటు పోవాలో ఆ క్షణంలో తెలిసిపోయిందని తరవాత రాసుకున్నారు. ఆమె జీవితంలో దర్శనం అని చెప్పదగ్గది ఏదైనా ఉంటే అదే. గాయాలు లేవు, పరవశాలు లేవు. ఒక కరపత్రం, ఒక నిర్ణయం.

ఆ నిర్ణయానికి అడ్డుపడింది శ్రీసభ చట్టమే. గురువులూ కన్యాస్త్రీలూ వైద్యవృత్తి చేయకూడదన్నది అప్పటి నియమం. కాన్పులు చేయడం కన్యాస్త్రీకి తగదనుకునేవారు. అరవై దాటాక కాథలిక్కైన మెక్‌లారెన్ రావల్పిండిలో ఆసుపత్రికి పూనుకుని, ఈ నిషేధం ఎత్తేయమని రోమ్‌కు పదేపదే వెళ్లి అడిగి, 1913లో ఆ కోరిక తీరకుండానే చనిపోయారు. 1936 ఫిబ్రవరిలో గానీ రోమ్ ఆ తలుపు పూర్తిగా తెరవలేదు. తల్లులు కాన్పుల్లో చచ్చిపోతుంటే మర్యాద పేరిట ఇన్నేళ్లు ఆగడం శ్రీసభ చరిత్రలో సమర్థించుకోలేని విషయమని నేను నమ్ముతున్నాను. భూతోచ్చాటనకు ఒక స్త్రీని నిలబెట్టిన చూపే ఇక్కడా ఉంది. ఆడవాళ్ల ఒంటి గురించి ఆడవాళ్ల మాట చివర వినడం.

మేరీ గ్లోరీ ఆ తలుపు తెరుచుకునేదాకా ఆగలేదు. 1919లో స్త్రీల వైద్యం, కళ్ల వైద్యంతో ఎం.డి. పూర్తి చేసి, 1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరారు. 1904 నుంచి అక్కడ పనిచేస్తున్న డచ్చి కన్యాస్త్రీల జేఎమ్‌జే (జీసస్ మేరీ జోసఫ్) సభలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయ్యారు. కన్యాస్త్రీగా ఉంటూనే వైద్యం చేయడానికి పోప్ పదిహేనవ బెనెడిక్ట్ నుంచి ప్రత్యేక అనుమతి వచ్చింది. చిన్న డిస్పెన్సరీ ఆమె చేతుల్లో సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిగా పెరిగింది. తెలుగు నేర్చుకున్నారు. పల్లెలకు వెళ్లారు. బయటి నుంచి వచ్చే మందులు ఖరీదు కాబట్టి ఇక్కడి మూలికల గుణాలు తెలుసుకుని వాడారు. అన్నిటికన్నా ముఖ్యం, మన అమ్మాయిలకు నర్సు పని, కాంపౌండరు పని, మంత్రసాని పని నేర్పించారు. ఏళ్ల తరబడి ఆమె ఒక్కరే డాక్టరు. ఉదయం పూజ, ఆ తరవాత రోగుల వరుస, మళ్లీ రాత్రి ప్రార్థన. ఆ రెంటినీ ఆమె విడదీయలేదు. రోగి దగ్గర నిలబడటం కూడా ఆమెకు ప్రార్థనే.

1943లో పదహారుమంది సిస్టర్లతో కలిసి ఆమె కాథలిక్ ఆసుపత్రుల సంఘం పెట్టారు. ఒక్కో మఠం ఒక్కో దీవిలా పనిచేస్తే దేశం బాగుపడదని, వైద్య విద్యాలయం కూడా కావాలని ఆమె ఆలోచన. కేన్సరుతో రెండేళ్లు బాధపడి 1957 మే 5న బెంగళూరులో కన్నుమూశారు. 2013 మార్చిలో ఆమెను దైవ సేవకురాలిగా ప్రకటించారు. ఆమె పెట్టిన సంఘం ఇప్పుడు కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. మూడున్నర వేలకు పైగా ఆసుపత్రులు, డిస్పెన్సరీలు, సేవాకేంద్రాలు అందులో ఉన్నాయి. దాని ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్‌లో ఉంది. హైటెక్ సిటీ నుంచి అక్కడికి మెట్రోలో, ఆటోలో పోయి రావచ్చు. ఆమె చేరిన జేఎమ్‌జే సభే నడుపుతున్న సెయింట్ థెరిసా ఆసుపత్రి ఇంకా దగ్గర, ఎర్రగడ్డలో ఉంది.

అయినా తంబి పేరు తెలిసినంతగా ఆమె పేరు మన జనానికి తెలియదు. గాయాలున్న చోటికి మనం పరుగెత్తుతాం, గాయాలకు కట్టు కట్టిన చేతిని మరిచిపోతాం. ఇది భక్తుల తప్పు మాత్రమే కాదు. మన చర్చిల్లో నవదిన ప్రార్థనల పుస్తకాలు దండిగా అచ్చవుతాయి, ఇలాంటి జీవితాలను తెలుగులో చెప్పే ప్రయత్నం మాత్రం తక్కువ. పునీతుల ప్రక్రియకు డబ్బు, ఓపిక, దస్తావేజులు కావాలి. వెనక నిలబడే సభ ఉన్నవాళ్ల పేర్లు ముందుకు పోతాయి. కృష్ణా, గుంటూరు డెల్టాలో మాలమాదిగ పల్లెల్లో బడులు నడిపి, కలరా రోజుల్లో రోగులను ఎత్తుకుని తిరిగి, పేరు లేకుండా పోయిన తెలుగు కన్యాస్త్రీల గురించి ఏ విచారణా జరగదు. తెలుగు తల్లి కన్న బిడ్డ ఎవరూ ఇంతవరకు రోమ్ పునీతుల జాబితాలో లేరు. ఆ జాబితాలో చోటు దక్కకపోవడం కన్నా, వాళ్లెవరో రాసిపెట్టుకోకపోవడమే నాకు ఎక్కువ బాధ.

కాబట్టి నా తీర్పు ఇది. దర్శనాలను వెక్కిరించనక్కర్లేదు, కొలతగా వాడనూ అక్కర్లేదు. అద్భుతాల దస్తావేజుల కంటే సాక్షుల మాటలకు ఎక్కువ విలువ ఇవ్వాలి. అధికారం తన మాట విననప్పుడు కూడా పక్కవాడి నొప్పి విన్న స్త్రీ ఎవరో ఆమె పవిత్రురాలు. మరియం తెరేసియా ఆ కొలతకు నిలిచారు, మదర్ తెరెసా నిలిచారు, మేరీ గ్లోరీ నిండుగా నిలిచారు.

ఇది చదువుతున్నవాళ్లలో గుంటూరు, తెనాలి, నరసరావుపేట వైపు నుంచి వచ్చి ఈ నగరంలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఉంటారు. మేరీ గ్లోరీ ఆసుపత్రిలో పనిచేసిన కాలంలో అక్కడ పుట్టినవాళ్లకు, ఆమె దగ్గర నర్సు పని నేర్చుకున్నవాళ్ల పిల్లలకు ఇప్పుడు డెబ్భై దాటి ఉంటుంది. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ నాయనమ్మనో అమ్మమ్మనో, వీధిలో పెద్దవాళ్లనో అడగండి. వాళ్లకు ఆ తెల్లదొరసాని డాక్టరమ్మ గురించి గుర్తున్నదంతా ఫోన్‌లో రికార్డు చేయండి, తేదీ, ఊరు, చెప్పినవారి పేరుతో సహా రాసిపెట్టండి. ఒక నకలు గుంటూరు మేత్రాసనానికి పంపండి. ఆమెతో పాటు పనిచేసిన తెలుగు సిస్టర్ల పేర్లు ఎవరికైనా గుర్తుంటే ముందు వాటిని రాయండి.